నల్లా దగ్గర రాజేశ్వరమ్మ

రాజేశ్వరమ్మ నలుపు సరిపోలేదని ఆమె ముఖానికి ఇంకో పూత వేయించారు. తొంభైల్లో, హైదరాబాదులో, ఒక టీవీ సీరియల్ షూటింగులో జరిగిన సంగతి. ఆమెను ఆ వేషానికి తీసుకున్నదే నల్లగా ఉందని. తీరా లైట్లు వేసి చూస్తే తెర మీద చామనఛాయలా కనబడుతోందని, జోకు పేలదని దర్శకుడికి అనుమానం వచ్చింది. మేకప్ మనిషిని పిలిచి "ఇంకాస్త దట్టించవయ్యా" అన్నాడు. ఆ మనిషి దగ్గర అంత నల్లటి రంగు లేదు. మసిని కొబ్బరినూనెలో కలిపి పూశాడు. ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు. మధ్యాహ్నానికల్లా చెమటతో పాటు మసి కళ్ళలోకి దిగింది. మెడ మీద పొక్కులు లేచాయి. మర్నాడు మళ్ళీ పూశారు. ఆ సీరియల్ నడిచినన్నాళ్ళూ పూస్తూనే ఉన్నారు.

ఈ సంగతి ఆమె నాకు ఏడుస్తూ చెప్పలేదు. అమెరికాలో, షామ్‌బర్గ్‌లో ఒక ఇండియన్ గ్రోసరీ షాపు వెనక వంటగదిలో, మిరపకాయ బజ్జీలు వేస్తూ చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి, నూనె కాగిందో లేదో చూసుకుంది.

ఆ షాపు ఉన్న ప్లాజాలోనే, టాక్సులు ఫైల్ చేసే ఆఫీసు పై అంతస్తులో శశికాంత్ గారి కంపెనీ ఉండేది. అక్కడ నేను, చదువు అయ్యాక కొన్నాళ్ళు పనిచేసుకోనిచ్చే ఓపీటీ పర్మిట్ మీద పనిచేసేవాణ్ని. పాతకాలం తెలుగు టీవీ కామెడీల హక్కులు చవగ్గా కొని, టేపులు శుభ్రం చేసి, యాప్‌లో పెట్టడం, డీవీడీ పెట్టెలుగా అమ్మడం కంపెనీ వ్యాపారం. అమెరికాకి కొన్ని నెలల కోసం వచ్చే అమ్మానాన్నలకి మధ్యాహ్నాలు గడవవు. కొడుకూ కోడలూ ఆఫీసుకి పోతారు, పిల్లలు స్కూలుకి పోతారు, వీళ్ళకి కారు నడపడం రాదు, బయట మంచు. ఆ మధ్యాహ్నాలే ఆ కంపెనీకి పెట్టుబడి. నేను చేసేది శబ్దం పని. టేపులో బుసబుసలు తీసేసి మాటలు వినబడేలా చేయాలి. మాస్టర్స్ చదివినందుకు నాకు దొరికింది అది.

మా చేతికి వచ్చిన వాటిలో 'మూడు వాటాల ఇల్లు' ఒకటి. ఒక ఇల్లు, మూడు కుటుంబాలు, పెరట్లో ఒకే కుళాయి. ఇంటాయన కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో ఇల్లు కట్టుకున్న మనిషి, ఎర్రగా, బొద్దుగా ఉంటాడు. కింది వాటాలో సత్తెమ్మ అనే ఆవిడ అద్దెకుంటుంది. అది రాజేశ్వరమ్మ వేషం. హైదరాబాదులో కుళాయిని నల్లా అంటారు. నీళ్ళు రావడం మొదలైతే "నల్లొచ్చింది" అని వీధి వీధంతా కేకలేస్తారు. ఇంటాయనకి ఆ మాట దొరికింది. సత్తెమ్మ బిందె చంకన పెట్టుకుని పెరట్లోకి రాగానే అరుగు మీద నుంచి భార్యని పిలుస్తాడు: "ఏమేవ్, నల్లొచ్చింది!" భార్య బిందెతో పరుగెత్తుకొస్తుంది. కుళాయి ఎండిపోయి ఉంటుంది, దాని పక్కన సత్తెమ్మ నిలబడి ఉంటుంది. వెనక నుంచి నవ్వులు. ప్రతి వారమూ ఇదే. పాడు జోకు. మంచిదని నేను ఏనాడూ అనలేదు.

కానీ జోకు అక్కడితో అయిపోదు. రాసినవాడి కాగితంలో సత్తెమ్మ తల దించుకుని వెళ్ళిపోవాలి. మొదటిరోజు, మసి కారుతున్న ముఖంతో, రాజేశ్వరమ్మ వెళ్ళలేదు. బిందె కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసి, ఇంటాయన వైపు తిరిగి ఎవరూ రాయని మాట అన్నది: "నల్లొచ్చినంకనే గదా సారూ, మీ తెల్ల మొఖాలు కడిగేది!"

యూనిట్ అంతా నవ్వింది. కెమెరామన్ నవ్వడంతో బొమ్మ ఊగింది. ఆ ఊగిన బొమ్మ ఇప్పటికీ టేపులో ఉంది. దర్శకుడు కోపంతో లేచి, అందరినీ చూసి కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రతి వారమూ ఇంటాయన అదే ముక్క అనేవాడు, ఆమె కొత్త జవాబు చెప్పేది. జనం ఆ జవాబు కోసం చూసేవాళ్ళు. టైటిల్స్‌లో మాటలు అన్న చోట రచయిత పేరే పడేది.

అప్పటికి ఆమె భర్త ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆమె ఊరూరా తిరిగే అక్షరాస్యత ప్రచార జాతాల్లో వీధి నాటకాలు వేసేది, అందులోనే ఎవరో చూసి సీరియల్‌కి పిలిచారు. సీరియల్ ఆగిపోయాక వచ్చినవన్నీ అలాంటి వేషాలే, మసి పూసే వేషాలే. మానేసింది. భర్త పోయాక కూతురు భానుశ్రీ పురిటికి ఇక్కడికి వచ్చింది, ఉండిపోయింది. ఖాళీగా కూర్చోలేక షాపు వంటగదిలో చేరింది.

నేను ఆమెను గుర్తుపట్టింది గొంతుని బట్టి. ఒక మధ్యాహ్నం చాయ్ కోసం కిందికి దిగితే, కౌంటర్ వెనక నుంచి కేక వినబడింది. "ఓ సారూ, లైన్ల నిలబడుండ్రి! బజ్జీలు యాడికి ఉరుకయి!" వారాల తరబడి హెడ్‌ఫోన్స్‌లో నేను బుస తీసి, గరగర తీసి, తుడిచిన గొంతు అది. వయసు మీద పడి కాస్త బొంగురుపోయింది, అంతే.

"మీరు సత్తెమ్మ కదా?" అన్నాను.

ఆమె చిల్లుల గరిటె పైకెత్తి పట్టుకుని నన్ను కిందికీ పైకీ చూసింది. "నీకెవలు జెప్పిండ్రు?"

"మీ గొంతే చెప్పింది. మూడు వాటాల ఇల్లు మేమే రిలీజ్ చేస్తున్నాం. పైన ఆఫీసులో ఉంది."

"ఉన్నదా? కరాబు గాలే?" అని, నా జవాబు వినకుండానే వెనక్కి తిరిగి అరిచింది. "దియా! ఓ దియా! ఇటు రా బిడ్డా. ఈ అన్నను అడుగు, నేను టీవీల ఉన్ననో లేనో!"

బియ్యం బస్తాల మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్న మనవరాలు తల ఎత్తింది. నాలుగో క్లాసు పిల్ల. స్కూలు అయ్యాక, తల్లి ఆఫీసు నుంచి వచ్చేదాకా, అక్కడే ఉంటుంది. "అమ్మమ్మా, మమ్మీ సెడ్ నువ్వు క్రౌడ్‌లో ఉన్నావ్ అంట. లైక్, వెనకాల."

"ఎనకాలనా? ఎనకాల ఉన్నది మీ అమ్మ! స్టూడియోల ఓ మూలకు నిద్రపోయెడిది!"

దియ నవ్వింది. ఆ పిల్ల అమ్మమ్మ ఏమన్నా నవ్వుతుంది. ఆమె రోజంతా కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళని గమనించి సాయంత్రం దియకి వేసి చూపించేది. బజ్జీ గ్లూటెన్ ఫ్రీయేనా ఆంటీ అని అడిగిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి, అల్లం చాయ్‌లో అల్లం వద్దన్న ఆవిడ, భార్యతో ఫోన్‌లో మాట్లాడుతూ కొత్తిమీర బదులు పుదీనా పట్టుకుపోయిన ఆయన. దియ బస్తాల మీద నుంచి జారిపడేంతగా నవ్వేది, ఎక్కిళ్ళు వచ్చేవి. అప్పుడు ఆమె నీళ్ళు తాగించి మళ్ళీ మొదలుపెట్టేది.

"ఎప్పుడొస్తది మరి?" అని అడిగింది నన్ను. "నేను మాట్లాడితే హైదరబాదంత నవ్వెడిదంటే ఈ పిల్ల నమ్మది. నాకేం వద్దు. ఒక్కసారి చూపియ్యాలె దీనికి."

ఆ తర్వాత ఎప్పుడు కిందికి దిగినా అదే ప్రశ్న.

పైన ఇంకో కథ నడుస్తోంది. రిలీజుకి ముందు ప్రతి సీరియల్‌నీ ఇషిత చూడాలి. ఇషిత ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. అభ్యంతరకరమైనవి ఏరి తీసే పని శశికాంత్ ఆ అమ్మాయికి అప్పగించాడు. పాత సీరియళ్ళలో అలాంటివి తక్కువేం ఉండవు. నత్తి మీద జోకులు, లావు మీద జోకులు, పెళ్ళాన్ని కొట్టడం మీద జోకులు. వాటిలో చాలావాటిని తీసేస్తే నాకేమీ బాధ కలగలేదు. కంప్యూటర్ మాటలన్నీ రాసి పెడుతుంది, ఇషిత అందులో వెతుకుతుంది. "నల్ల" అని వెతికితే 'మూడు వాటాల ఇల్లు' సగం ఎర్రగీతల కింద పడింది.

"నల్లా అంటే కుళాయి. ట్యాప్," అన్నాను.

"నో వే."

"హైదరాబాదులో అందరూ అలాగే అంటారు. ఇదిగో, ఇక్కడ నీళ్ళు రావట్లేదని గొడవ పడుతున్నారు, అంతే. దీన్నెందుకు తీస్తున్నావ్?"

ఆమె ఆ ముక్క మళ్ళీ వేసి చూసింది. "ఓకే. ట్యాప్. కానీ ఆవిడ రాగానే అందరూ నవ్వుతున్నారు కదా. ట్యాప్ చూసి ఎవరైనా నవ్వుతారా?"

ఆ అమ్మాయి తెలివితక్కువది కాదు.

"అందుకే తీయకూడదు. ఆమె జవాబు చెబుతుంది, అది విను."

"జవాబు ఉండాలంటే ముందు ఆ ఇన్సల్ట్ ఉండాలి కదా. పిల్లలు ముందు అదే వింటారు. మా నానమ్మ ప్రతి సండే నా ఫేస్‌కి శనగపిండి రాసేది, తెలుసా? కజిన్స్ ముందు. నేను ఇది చూడలేను. ఐ జస్ట్ కాంట్." తెర వైపు వేలు చూపింది. "ఇంకా, ఇది బ్లాక్‌ఫేస్. ఒక నార్మల్ యాక్ట్రెస్‌కి నల్ల రంగు వేశారు. ఇట్స్ సో ఆబ్వియస్, మెడ దగ్గర లైన్ కనిపిస్తోంది."

శశికాంత్‌ని అడిగితే అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "తమ్ముడూ, మన యాప్ నడిచే ప్లాట్‌ఫారం వాళ్ళు ఒక్క కంప్లెయింట్ వస్తే మొత్తం షో లేపేస్తారు. స్పాన్సర్‌కి ఏం చెప్పమంటావ్? తీసెయ్యండి. ఒక్క క్యారెక్టరే కదా."

స్పాన్సర్ ఎవరంటే, మా సబర్బ్‌లోనే ఉన్న ఒక చర్మ వైద్యశాల. వాళ్ళ యాడ్‌లో ఒక తెలుగమ్మాయి ముఖం ఎడమ నుంచి కుడికి తెల్లబడుతూ పోతుంది. ఆ యాడ్ శబ్దం కూడా నేనే సరిచేశాను. దాని మీద ఇషిత ఎర్రగీత పెట్టింది గానీ, శశికాంత్ చెరిపేశాడు. అది కంటెంట్ కాదట.

మర్నాడు చాయ్ తాగుతూ రాజేశ్వరమ్మకి చెప్పాను. ఆమె పొయ్యి కట్టేసింది. ఏప్రన్ విప్పకుండానే మెట్లెక్కి పైకొచ్చింది. చేతుల నిండా శనగపిండి.

"శశికాంత్ బాబూ, నన్ను తీసేసిండ్రంట?"

శశికాంత్ లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీరేనా సత్తెమ్మ! కింద బజ్జీలు తింటూ కూడా గుర్తుపట్టలేదు చూడండి. మా అమ్మ మీకు పెద్ద ఫ్యాన్. కూర్చోండి. మిమ్మల్ని తీయలేదమ్మా, మిమ్మల్ని అవమానించిన మాటలు తీశాం."

"అవ్వి తీస్తే నేనేడున్న?"

ఇషిత కుర్చీ తిప్పి చూసింది. తెర మీద చూసిన ముఖం, ఎదురుగా ఉన్న ముఖం, రెండింటినీ పోల్చుకుంది. "ఆంటీ, మీ ఫేస్‌కి బ్లాక్ పెయింట్ వేశారు కదా. దాన్ని బ్లాక్‌ఫేస్ అంటారు. చాలా రాంగ్ అది."

"అంటే ఏంది బిడ్డా?"

"అంటే, తెల్లవాళ్ళు నల్ల పెయింట్ వేసుకుని, నల్లవాళ్ళని వెక్కిరించడం."

రాజేశ్వరమ్మ పిండి అంటిన తన చేతులు చూసుకుంది. "నన్ను తెల్లదానివన్నది నువ్వే ఫస్టు, బిడ్డా."

శశికాంత్ పగలబడి నవ్వాడు. ఇషిత నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. తర్వాత ఏం తోచిందో, శనగపిండి సంగతి, నానమ్మ సంగతి ఆమెకి చెప్పింది. రాజేశ్వరమ్మ అంతా విని అడిగింది. "తెల్లగైనవా మరి?"

"లేదు."

"పిండి దండుగ."

ఆ రోజు ఆ గదిలో అంతా సవ్యంగా అయిపోతుందని అనిపించింది. శశికాంత్ కూడా మెత్తబడ్డాడు. అప్పుడే ఆ ఆలోచన అతనికి వచ్చింది. "అమ్మా, ఒక పని చేద్దాం. మీరు ఒక ఇంటర్వ్యూ ఇవ్వండి. అప్పట్లో మీకు ఏం జరిగింది, మీరు ఎంత బాధపడ్డారు, అది చెప్పండి. అది ముందు వేసి, తర్వాత మీ సీన్లు ఉన్నవి ఉన్నట్టు వేద్దాం. అప్పుడు ఎవ్వరూ తప్పు పట్టరు."

"బాధ జెప్పాల్నా?"

"నిజమే చెప్పండి. బాధ పడ్డారుగా?"

"పడ్డ."

"అంతే. అది చెప్పండి."

ఆమె చేతుల పిండి ఏప్రన్‌కి తుడుచుకుంది. "అది జెప్తే నేను ఉంట గదా? పిల్లకు చూపియ్యాలె."

"గ్యారంటీ అమ్మా."

ఇంటర్వ్యూ రోజు ఆమె గద్వాల చీర కట్టుకుని వచ్చింది. భాస్కర్ అని, పెళ్ళి వీడియోలు తీసే అతను కెమెరా పట్టుకున్నాడు. చిన్న గదిలో రెండు పెద్ద లైట్లు, కిటికీలు మూసేశారు. నేను ఆమె చీర అంచుకి మైకు తగిలించాను. ఇషిత ప్రశ్నలు అడిగింది.

"ఆ జోక్స్ మీకు ఎలా అనిపించాయి?"

"బాధనే," అన్నది రాజేశ్వరమ్మ. "ఎందుకు గాదు. రంగు పూసినప్పుడు మండెడిది. ఇంటికి వోయినంక నా బిడ్డ నా మొఖం జూసి దగ్గరికి రాకపొయ్యెడిది." లైట్ల వేడికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది. కొంగుతో కళ్ళూ ముఖమూ తుడుచుకుంది. "గాని ఒకటి జెప్త ఇను. ఆ సారు మాట అన్నడు, నిజమే. ఆ మాటకు ఎవలు నవ్విండ్రు? కిరాయికి దెచ్చిన నవ్వు అది, టేపుల కలిపింది. నా మాటకు లైటు బాయ్ నవ్విండు, టీ ఇచ్చేటోడు నవ్విండు. ఆ మేకప్ ఆయన నాకు మసి పూసుకుంట అడిగెటోడు, అక్కా ఇయ్యాల ఏం కొడ్తవు అని. నన్ను జూసి నవ్విండ్రు, నేను నవ్వియ్యంగ నవ్విండ్రు, రెండు ఒకటి గాదు."

ఆ తర్వాత ఆమె కూర్చోలేదు. లేచి నిలబడి, ఇంటాయన నడక నడిచి, అతని గొంతుతో అతని మాట అని, మళ్ళీ సత్తెమ్మగా తిరిగి జవాబు చెప్పింది. ఒకటి కాదు, వరసపెట్టి చెప్పింది, మధ్యలో అప్పటికప్పుడు కొత్తవి కూడా కల్పించింది. భాస్కర్ భుజాలు ఊగుతున్నాయి. ఇషిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చివరికి చెయ్యి తీసేసి నవ్వింది. నా హెడ్‌ఫోన్స్‌లో ఆ గది నవ్వంతా రికార్డయింది. ఎక్కడా బుస లేదు.

రిలీజ్ శనివారం. భానుశ్రీ వాళ్ళ ఇంట్లో మధ్యాహ్నం రెండు మూడు కుటుంబాలను పిలిచారు, నన్ను కూడా. రాజేశ్వరమ్మ పొద్దున్నే లేచి సకినాలు చేసింది. దియని టీవీకి ఎదురుగా, మధ్యలో కూర్చోబెట్టింది. తను పక్కన కూర్చుంది.

ముందు చర్మ వైద్యశాల యాడ్ వచ్చింది. అమ్మాయి ముఖం ఎడమ నుంచి కుడికి తెల్లబడింది. తర్వాత నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: ఈ కార్యక్రమం తయారైన కాలంలో కొన్ని తప్పులు జరిగాయి, వాటికి మేము చింతిస్తున్నాము. ఆ తర్వాత గద్వాల చీరలో రాజేశ్వరమ్మ.

"అమ్మమ్మా!" అని దియ ఎగిరి కూర్చుంది.

"బాధనే. ఎందుకు గాదు. రంగు పూసినప్పుడు మండెడిది. ఇంటికి వోయినంక నా బిడ్డ నా మొఖం జూసి దగ్గరికి రాకపొయ్యెడిది." కొంగుతో కళ్ళు తుడుచుకోవడం. వెనక వీణ సంగీతం. బొమ్మ మెల్లగా చీకటైపోయింది.

అంతే. మిగతాది లేదు. నేను పంపిన శబ్దంలో గంటసేపు ఉన్నది, తెర మీద నిమిషం కూడా లేదు. ఆమె చెమట తుడుచుకుందని ఆ గదిలో ఉన్న నలుగురికి తప్ప ఎవరికి తెలుసు?

"అయ్యో పాపం," అన్నారు వసుమతి గారు, భానుశ్రీ స్నేహితురాలి తల్లి, గుంటూరు నుంచి వచ్చి ఉన్నావిడ. "అప్పట్లో ఎంతెంత మాటలనేవాళ్ళండీ."

"ఇప్పుడొస్త నేను," అన్నది రాజేశ్వరమ్మ దియతో. "జూడు."

సీరియల్ మొదలైంది. ఇంటాయన అరుగు మీద కూర్చుని పెరటి వైపు చూసి నోరు తెరిచాడు. మరుక్షణం అతని చేతిలో కాఫీ గ్లాసు ఉంది. భార్య బిందెతో పరుగెత్తుకొచ్చి, కుళాయి దగ్గర ఆగి, ఎవరూ లేని చోటు వైపు చూసింది. నవ్వులు వినబడ్డాయి. దేనికో తెలియదు. తెర అంచున ఒక చెయ్యి, ఆ చేతిలో ఇత్తడి బిందె కనబడి మాయమయ్యాయి.

"అది నాదే చెయ్యి," అన్నది రాజేశ్వరమ్మ.

"వేర్ ఆర్ యూ, అమ్మమ్మా?"

"ఆగు, వస్త."

ఎపిసోడ్ అయిపోయేదాకా దియ అడుగుతూనే ఉంది, ఆమె ఆగమంటూనే ఉంది. చివరి పేర్లు పడుతుండగా భానుశ్రీ రిమోట్ తీసుకుని టీవీ కట్టేసింది. అప్పుడు చూశాం, దియ ఏడుస్తోంది. "వాళ్ళు నిన్ను హర్ట్ చేశారు. వై డిడ్ దే హర్ట్ యూ?" అని అమ్మమ్మ మెడ పట్టుకుంది. అందరూ పాపం పాపం అన్నారు. కాసేపటికి ప్లేట్లు వచ్చాయి. వసుమతి గారు సకినం విరుస్తూ కొడుక్కి చూస్తున్న సంబంధం గురించి భానుశ్రీకి చెబుతున్నారు. "అమ్మాయి చక్కగా ఉంటుందమ్మా, మంచి ఉద్యోగం. కాస్త రంగు తక్కువ, అదే ఆలోచిస్తున్నాం."

రాజేశ్వరమ్మ విన్నది. ఆమె ఏదో అంటుందని నేను ఆమె వైపు చూశాను. ఒళ్ళో పిల్ల ఏడుస్తోంది. ఆమె కొంగుతో పిల్ల ముఖం తుడిచింది.

సోమవారం శశికాంత్‌ని అడిగాను. "గ్యారంటీ అన్నారు కదా అన్నా?"

"సీన్లు పెడితే ప్లాట్‌ఫారం వాళ్ళు ఒప్పుకోలేదు, బాస్. ఇంటర్వ్యూ మాత్రం వాళ్ళకి తెగ నచ్చింది. చాలా మూవింగ్‌గా ఉందన్నారు. తెలుగు బడి వాళ్ళు పిల్లలకి చూపిస్తామని అడిగారు కూడా. ఆవిడకి ఎంత రెస్పెక్ట్ వచ్చిందో చూడు."

"మిగతా ఇంటర్వ్యూ?"

"అది ఎందుకు? టోన్ కలవదు."

ఇషిత తన టేబుల్ దగ్గర తల ఎత్తలేదు. నవ్విన ముక్క ఉంచమని ఆ అమ్మాయి అడిగిందని తర్వాత భాస్కర్ చెప్పాడు. అడిగిందట, అంతే, పట్టుబట్టలేదు. పట్టుబట్టినా ఎవరు వింటారు?

ఇక్కడి పిల్లలకి సెలవురోజుల్లో తెలుగు నేర్పే ఆ తెలుగు బడిలో ఆ క్లిప్ నిజంగానే చూపించారు. పిల్లలంతా రాజేశ్వరమ్మకి కార్డులు రాసి పంపారు. సారీ ఆంటీ, యూ ఆర్ బ్యూటిఫుల్ అని, రంగు పెన్సిళ్ళతో. షాపు యజమాని వాటిని కౌంటర్ పక్కన గోడకి అంటించాడు. బజ్జీలకి వచ్చినవాళ్ళు వాటిని చదివి, వంటగదిలోకి తొంగిచూసి, గొంతు తగ్గించి ఆర్డర్ ఇచ్చేవాళ్ళు. లైన్లో తోసుకోవడం మానేశారు. ఆమెకి అరవాల్సిన పని కూడా లేకపోయింది.

వేసవిలో నాకు దూరంగా షాంటిలీ అనే ఊళ్ళో వేరే ఉద్యోగం దొరికింది. వెళ్ళే ముందు ఆమె సీన్లన్నీ, ఇంటర్వ్యూ మొత్తం ఒక పెన్ డ్రైవ్‌లో వేసుకుని వంటగదికి వెళ్ళాను. అది నా సొత్తు కాదని తెలుసు. ఆమె సొత్తు కూడా కాదట, కాగితాల ప్రకారం. ఆమె పిండి కలుపుతోంది. బస్తాల మీద ఎవరూ లేరు.

"దియ రాలేదా?"

"సమ్మర్ క్యాంపుల ఏసిండ్రు."

పెన్ డ్రైవ్ ఆమె ముందు పెట్టాను. "ఇందులో మీరు అన్నవన్నీ ఉన్నాయి. ఒక్కటీ కోయలేదు. దియకి చూపించండి."

ఆమె దాన్ని ముట్టుకోలేదు. చేతులకి పిండి ఉందని అనుకున్నాను. కానీ చేతులు కడుక్కున్నాక కూడా తీసుకోలేదు.

"ఎట్ల చూపియ్యాలె బిడ్డా ఇప్పుడు?" అన్నది. "మొన్న గ్లూటెన్ పిలగాడు మల్ల వచ్చిండు. ఇంటికి వోయి దానికి ఏసి చూపెట్టిన, ఎప్పటిలెక్కనే. మునుపైతే కింద పడి నవ్వెడిది గదా. నా దిక్కే చూసుకుంట కూసున్నది. అయిపోయినంక వచ్చి కావలిచ్చుకొని, సారీ అమ్మమ్మా అన్నది. దేనికే సారీ అంటే జెప్పది. నేనేం జేసినా గిట్లనే జేస్తున్నది. నవ్వుతలేదు బిడ్డా, పిల్ల."